స్టోర్స్ ఇన్‌ఛార్జివి అయినవా తమ్మీ? ముందుగాల ర్యాంపు మీద నిలబడు

మొన్న పంతంగి టోల్‌గేట్ దగ్గర ఛాయ్ తాగుతుంటే ఒక పిలగాడు కలిసిండు. పక్క కంపెనీల స్టోర్స్ అసిస్టెంటు, కొత్తగ ఇన్‌ఛార్జిని చేసిన్రంట. "అన్నా, కుర్చీ అయితే ఇచ్చిన్రు గని ఏం జూడాల్నో ఎవ్వరు చెప్తలేరు" అన్నడు. రెండు ఛాయ్‌లైనయి, ముచ్చట ఒడవలేదు. ఆనాడు యాదికి రానియి గుడ కలిపి ఇప్పుడు రాస్తున్న. చౌటుప్పల్ దిక్కు బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు చేసే) యూనిట్లల్ల ఇరవై ఏండ్ల సంది రా మెటీరియల్ స్టోర్సే నా బతుకు. 2016ల జిల్లా మారి మేం యాదాద్రి భువనగిరిల పడ్డం గని, నోట్ల ఇంకా నల్లగొండే వస్తది.

కంప్యూటర్ ముంగట కూసుంటే స్టోర్స్ నడవది. లారీ వచ్చిందంటే సరుకు దించే ర్యాంపు మీద నువ్వే ఉండాలె. తప్పు సరుకు లోపటికొస్తే క్యూసీ వాళ్లు (సరుకు పరీక్ష చేసేటోళ్లు) పట్టుకుంటరులే అనుకుంటం. అన్నిసార్లు పట్టుకోలేరు. నాకైన సంగతి చెప్త.

గుజరాత్ నుంచి పొటాషియం కార్బోనేట్ వచ్చింది, 36 సంచులు. సాయంత్రం ఆరు, షిఫ్టు మారే యాళ్ల. డ్రైవర్ "జల్దీ ఖాళీ కరో భాయ్" అని తల తింటున్నడు. ఇన్‌వాయిస్ చూసిన, సీఓఏ (పంపినోళ్ల పరీక్షల సర్టిఫికెట్) చూసిన, సంచులు లెక్కవెట్టిన, దించుమన్న. మా దగ్గర సంచుల లెక్కకు వర్గమూలం కట్టి, ఒకటి కలిపి అన్ని సంచులల్ల శాంపిల్ తీస్తరు. 36కు ఆరు, ఇంకొకటి కలిపితే ఏడు. ఏడింటికి ఏడు పాసైనయి, అప్రూవ్డ్ లేబుళ్లు పడ్డయి. పది రోజులకు డిస్పెన్సింగ్‌ల (సరుకు తూచి ఇచ్చే కాడ) పనిచేసే ఒడిశా పిలగాడు ఒక సంచి కాడ ఆగి "సార్, ఇస్కా ధాగా అలగ్ హై" అన్నడు. మూతికుట్టు దారం. కడమ సంచులకు తెల్లది, దీనికి నీలిది. తిప్పి చూస్తే అదే కంపెనీ, అదే సంచి, అవే అక్షరాలు, నడుమల "బై" అని ఒక్క ముక్క ఎక్కువున్నది. పొటాషియం బైకార్బోనేట్! వెతికితే అసొంటియి మూడు దొరికినయి. కలిపింది పంపినోళ్లే, గని దించుకున్నది నేను. వివరణ రాసి సంతకం పెట్టింది గుడ నేనే.

గప్పటి సంది ప్రతి సంచి, ప్రతి డ్రమ్ము లేబుల్ చదువుడే. పేరు, బ్యాచ్ నంబరు, తేదీ, సీలు, కుట్టు. 36 సంచులకు పది నిమిషాలు పడ్తది, అంతే. ఒక్క లోడ్‌ల రెండు బ్యాచ్‌లు వస్తే రెండు లాట్లుగనే ఎక్కించు, పని తగ్గుతదని ఒక్కటి చెయ్యకు. తడిసింది, చినిగింది, సొట్ట పడ్డది పక్కకు తీసి ఫోటో కొట్టి, లారీ రశీదు మీద రాసి, డ్రైవర్ సంతకం తీసుకో. లారీ గేటు దాటినంక రాస్తే దాన్ని ఎవ్వరు పట్టించుకోరు.

కాంటా దగ్గర ఒక పాత ఆట ఉంటది. నిండు బండి తూకానికి డ్రైవర్, క్లీనర్ ఇద్దరు క్యాబిన్‌ల కూసుంటరు. ఖాళీ బండి తూకానికి దిగి బీడీ తాగుతుంటరు. ఇద్దరు మనుషుల బరువు మన సరుకుల కలుస్తది. రెండుసార్లు దింపు, లేకుంటే రెండుసార్లు కూసోబెట్టు. ట్యాంకరైతే పైమూత సీలు, కింద వాల్వు సీలు నంబర్లు కాగితంతోటి కలవాలె. ఇంతకుముందు ఏం మోసింది, ఎక్కడ కడిగిన్రు అన్న క్లీనింగ్ సర్టిఫికెట్ లేకుంటే పైపు తగిలియ్యకు. ఇంజన్ బంద్, తాళంచెవి నీ జేబుల, చక్రాల కింద చెక్కలు, బండిల పుట్టే కరెంటు భూమిలకు పోయేటందుకు ఎర్తింగ్ క్లిప్పు. ఆ క్లిప్పు పెయింట్ మీద పెడితే పెట్టనట్టే, ఇనుముకు ఆనాలె. టోలుయీన్ అనే సాల్వెంట్ (వేరేవాటిని కరిగించే ద్రవం) 4 డిగ్రీల కాడనే అంటుకునే ఆవిరి ఇస్తది. మన దిక్కు చలికాలంల గుడ అంత చల్లగ ఉండది, అంటే ఏడాది పొడుగూత నిప్పురవ్వ కోసం చూస్తనే ఉంటదన్నట్టు. దించినంక మూత తీసి అడుగు ఖాళీ అయిందో లేదో చూసినంకనే బండి వదులు.

లేబుళ్ల రంగుల కాడ నవ్వులాట అయింది ఒకపారి. కొత్త హెల్పర్‌కు "పచ్చ లేబులున్న డ్రమ్ము పట్టుకరా" అన్న. మనోళ్లకు పసుపు గుడ పచ్చనే గద! క్వారంటైన్‌ల (పరీక్ష అయ్యేదాక ఆపి పెట్టే కాడ) ఉన్న పసుపు లేబుల్ డ్రమ్ము దొర్లించుకొచ్చిండు. తప్పు నాదే. అప్పటిసంది మా స్టోర్స్‌ల "పచ్చ" అన్న మాట బంద్. పసుపంటే ఆగాలె, ఆకుపచ్చంటే వాడొచ్చు, ఎరుపంటే ఫెయిలైంది, తాళం వేసిన జాలీ గదిల ఉండాలె.

ఏది ఏడ పెట్టాల్నో అక్షరాల వరుసల సర్దకు. యాసిడ్‌లు ఒక దిక్కు, క్షారాలు ఒక దిక్కు, సాల్వెంట్లు వేరే షెడ్డు. సోడియం అజైడ్‌ను యాసిడ్ పక్కకు రానియ్యకు, రెండు కలిస్తే విషవాయువు వస్తది. సోడియం హైడ్రైడ్ నీళ్లు తగిలితే అంటుకుంటది, దాని గదిల నీళ్ల పైపు గుడ ఉండొద్దు, అక్కడ ఎండిన ఇసుక బకెట్లే పెట్టు. రికవర్డ్ సాల్వెంట్‌ను (ఒకసారి వాడి మళ్ల శుద్ధి చేసినదాన్ని) కొత్తదాని పక్కన నిలబెట్టకు. 2018ల వల్సార్టాన్ అనే బీపీ మందుల నైట్రోసమైన్‌లు (క్యాన్సర్ తెచ్చే భయమున్న మలినాలు) దొరికి దేశదేశాల వాపస్ తీసుకున్నరు. దాని కారణాలల్ల రికవర్డ్ సాల్వెంట్ ఒకటి. పల్లాడియం కార్బన్ (ఖరీదైన ఉత్ప్రేరకం) నీ తాళంలనే ఉండాలె. అది సగం నీళ్లతోటి తడిగ వస్తది. రిజిస్టర్‌ల తడి బరువు రాస్తున్నవా, పొడి బరువు రాస్తున్నవా మొదటి పేజీలనే తేల్చుకో. లేకుంటే నెలాఖరుకు సగం సరుకు మాయమైనట్టు కనిపిస్తది.

బయట నిలబెట్టిన డ్రమ్ములు ఊపిరి తీస్తయంటే నవ్వుతరు గని, నిజం. పగలు ఎండకు ఉబ్బి గాలి విడుస్తయి. సాయంత్రం వానవడి సల్లవడంగనే లోపటికి గుంజుకుంటయి. పైన నిలిచిన నీళ్లు బిరడా సందుల నుంచి లోపటికి పోతయి. పై షెడ్డు లేకుంటే డ్రమ్మును అడ్డం పండుకోబెట్టు, రెండు బిరడాలు ఒక్క ఎత్తుల ఉండేటట్టు. మే నెలల ఉబ్బిన డ్రమ్ముకు బిరడా ఒక్కసారే తిప్పకు, కొంచెం వదులు చేసి గాలి పోనియ్యి, మొఖం దూరం పెట్టు. కాస్టిక్ ఫ్లేక్స్ సంచి ఒక్కటి సరిగ కట్టకుంటె వానకాలంల గడ్డ కడ్తది, సుత్తెతోటి కొట్టాల్సి వస్తది.

ఇగ అసలు తలనొప్పి, రాత్రి షిఫ్టు ప్రొడక్షన్ వాళ్లు. "అన్నా, ముందుగాల ఇయ్యి, పొద్దుగాల సిస్టంల కొట్టుకుందాం." చుట్టమే అడుగుతడు, దోస్తే అడుగుతడు. ఇయ్యకు. ఇచ్చినోడు ఇచ్చిండు, తీసుకున్నోడు తీసుకున్నడు, పొద్దుగాల ఇద్దరు ఇంటికి పోయిన్రు, రిజిస్టర్‌ల మాత్రం సరుకు ర్యాకులనే ఉంటది. నేనైతే సిస్టం పడిపోయినప్పటి కోసం నంబరున్న చేతి స్లిప్పుల పుస్తకం పెట్టుకున్న. స్లిప్పు లేంది స్పూన్ గుడ కదలది. మొదట్ల రెండు నెలలు అందరు తిట్టిన్రు.

లెక్క తేలాలంటే మార్చి దాక ఆగకు. రోజూ ఐదు ఐటమ్స్ నువ్వే పోయి చూడు, ర్యాకు నుంచి కాగితానికి రా. కాగితం పట్టుకొని ర్యాకుకు పోతే కాగితంల ఉన్నదే కనిపిస్తది. రీటెస్ట్ తేదీ (మళ్ల పరీక్ష చెయ్యాల్సిన రోజు) దగ్గరపడ్డది నెల ముందుగాల క్యూసీకి చెప్పు. పాతది ముంగటికి గుంజి, కొత్తది ఎనుక పెట్టు. తూకం మిషన్‌ను రోజూ స్టాండర్డ్ బాట్లతోటి చూసి రాసుడు, యేటా ముద్ర వేయించుడు, ఇయి నీకు ఎట్లా తెలిసే ఉంటయి.

ఆర్డర్ పెట్టే ముందు క్యాలెండర్ గుడ చూడు. సంక్రాంతికి రెండు రోజుల ముందు నుంచి పంతంగి కాడ కార్లు ఎట్ల ఆగుతయో చూసినవు గద, మన ట్యాంకర్ గుడ ఆ లైన్లనే ఉంటది. జనవరి మొదటి వారంలనే నింపుకో. చెర్వుగట్టు జాతర రోజులల్ల హమాలీలు దొరకరు. ఒకపారి అది మర్చి లోడు పిలిపించుకున్న. నేను, నా అసిస్టెంటు, గేటు కాడి సెక్యూరిటీ ముసలాయన కలిసి ఎనభై సంచులు దించినం. మూడు రోజులు నడుము వంగలేదు. నాలుగో రోజు ఆ ముసలాయన "సారూ, వచ్చే యేడు నేను గుడ జాతరకే పోత" అన్నడు.