పారిస్ వెళ్తున్నారా? పాస్‌పోర్టులన్నీ ఒకే సంచిలో పెట్టకండి

2025 అక్టోబరు 19, ఆదివారం ఉదయం పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో దొంగలు పడ్డారు. సందర్శకులు లోపల ఉండగానే, పనివాళ్లలా పసుపు జాకెట్లు తొడుక్కుని, లారీకి అమర్చిన నిచ్చెనతో కిటికీ దాకా వెళ్లి, రాజుల నాటి నగలతో నిమిషాల్లో మాయమయ్యారు. అప్పటినుంచి అందరూ ఒకటే అడుగుతున్నారు: లూవ్ర్‌కు వెళ్లవచ్చా అని. నిక్షేపంలా వెళ్లండి. ఆ దొంగలకు మీతో పని లేదు. మీతో పని ఉన్నవాళ్లు మెట్రోలో మీ పక్కనే, శుభ్రమైన బట్టల్లో, మీలాగే మ్యాపు చూసుకుంటూ నిలబడతారు.

వేసవి సెలవులకు వెళ్లే కుటుంబాలు ఒక్క మాట వింటే చాలు: అందరి పాస్‌పోర్టులూ ఒకే సంచిలో పెట్టకండి.

మన ఇళ్లలో ప్రయాణం అనగానే జాగ్రత్తపరులొకరు ముందుకొస్తారు. నాన్నగారో, పెద్ద కోడలో. అయిదుగురి పాస్‌పోర్టులూ, యూరోలూ, కార్డులూ, ఇన్సూరెన్సు కాగితాలూ ఒక జిప్పు సంచిలో సర్ది వారి భుజానికి తగిలిస్తారు. ఆ సంచి గార్ దు నార్ స్టేషన్‌లో సూట్‌కేసు మీద ఒక్క క్షణం ఆనుతుంది. ‘మీ కోటు మీద ఏదో పడింది’ అని ఎవరో మర్యాదగా చెబుతారు. అటు తిరిగి చూసేసరికి సంచి ఉండదు.

డబ్బు పోతే ఏడ్చి ఊరుకోవచ్చు. పాస్‌పోర్టు పోతే, యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా కూడా దానితోనే పోతుంది. పోలీసు ఫిర్యాదు కాగితం పట్టుకుని భారత రాయబార కార్యాలయానికి వెళ్తే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. అది ఇండియాకు తిరిగి రావడానికి మాత్రమే, అదీ ఒక్కసారికే. స్విట్జర్లాండ్ టికెట్లు, రోమ్ హోటలు అన్నీ వృథా. ఒకరి పాస్‌పోర్టే పోతే ఆ ఒక్కరి ప్రయాణమే ఆగుతుంది. సంచి పోతే ఇంటిల్లిపాదీ వెనక్కి రావాలి. ఇంకో నష్టం ఎవరూ తలచుకోరు. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు చాలామంది పదేళ్ల వీసా ఉన్న పాత పాస్‌పోర్టును కొత్తదానికి జత చేసి తిప్పుతుంటారు. అది కూడా పోయిందంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ నిరీక్షణ. ఈ ప్రయాణంలో అమెరికా లేకపోతే ఆ పాతది బీరువాలోనే ఉంచండి.

ఎవరి పాస్‌పోర్టు వారి ఒంటి మీదే, చొక్కా లోపల వేసుకునే సన్నని సంచిలో ఉండాలి. పిల్లలవి తల్లి ఒకటి, తండ్రి ఒకటి పంచుకోవాలి. కార్డులూ అంతే. ఫొటో కాపీలు వేరే పెట్టెలో, స్కాన్లు మెయిల్‌లో ఉంచండి. హోటల్లో వదిలేయవచ్చు కదా అంటారు. విదేశీయులను కాగితాలు చూపమని అడిగే హక్కు అక్కడి పోలీసులకు ఉంది, అందుకే నా ఓటు ఒంటికే.

మెట్రో విషయానికొస్తే, తలుపు దగ్గర నిలబడి ఫోను చూడకండి. తలుపులు మూసుకునే క్షణంలో లాక్కుని దిగిపోతారు. మెట్రో టికెట్లు నింపుకునే నావిగో ఈజీ కార్డు మనిషికొకటి కొనండి, ఒకే కార్డును ఇద్దరు ముగ్గురు వాడుకోవడం కుదరదు. టికెట్ బయటికి వచ్చేదాకా దగ్గర ఉండాలి. తనిఖీలో లేదని తేలితే ‘తెలియదండీ’ అంటే వినరు, జరిమానా అక్కడే.

జనం తక్కువ ఉన్నచోట దొంగలూ తక్కువే. ఈఫిల్ టవర్ దగ్గర సెన్ నది దాటి పావుగంట నడిస్తే గిమే మ్యూజియం వస్తుంది. అందులో అమరావతి శైలి సున్నపురాతి శిల్పాలున్నాయి. కృష్ణా తీరపు పనితనం పారిస్‌లో అంత ప్రశాంతంగా చూడవచ్చని తెలిసినవాళ్లు తక్కువ. మంగళవారం సెలవు. మారే పేటలోని కార్నవాలే మ్యూజియంలో నగర చరిత్రంతా ఉంది, శాశ్వత ప్రదర్శనకు టికెట్ లేదు, సోమవారం సెలవు. ఒకటో శతాబ్దపు రోమన్ రంగస్థలం ఆరేన్ దె ల్యుతేస్ ఇళ్ల మధ్య దాగి ఉంది, అదీ ఉచితమే. ఇడ్లీ లేకపోతే ఉండలేని పెద్దవాళ్లను లా షాపెల్ పేటకు తీసుకెళ్లండి. శ్రీలంక తమిళుల దుకాణాలు, హోటళ్లు, వినాయకుడి గుడి అన్నీ దగ్గరదగ్గరే. పగటిపూట వెళ్లండి.

ఇక వరసగా చెబుతాను, వినండి.

మంగళసూత్రం గొలుసు, గాజులు ఇంట్లో పెట్టి వెళ్లండి. తీయనంటే స్కార్ఫు కింద దాచండి.

సాక్రే కర్ చర్చి మెట్ల దగ్గర చేతికి దారం కట్టబోతారు. చేతులు జేబులో పెట్టుకుని నడవండి.

అట్టకు కాగితం పెట్టి సంతకం అడిగే అమ్మాయిల దగ్గర ఆగవద్దు. సంతకం చేస్తుంటే ఇంకొకరు సంచి తెరుస్తారు.

బంతి ఏ గిన్నె కింద ఉందో పందెం కాసే మూడు గిన్నెల ఆటలో గెలుస్తున్నవాడు వాళ్ల మనిషే.

పోలీసులమంటూ పర్సు చూపించమంటే ఇవ్వకండి.

విమానాశ్రయం లోపలికి వచ్చి ‘టాక్సీ?’ అనేవాడి వెంట వెళ్లకండి. బయట వరుసలో నిలబడండి. 2025లో షార్ల్ ద గోల్ విమానాశ్రయం నుంచి టాక్సీకి సెన్ కుడి ఒడ్డుకు 56 యూరోలు, ఎడమ ఒడ్డుకు 65, అంతే.

కుర్చీ వెనక సంచి తగిలించవద్దు. ఫోను బల్ల మీద పెట్టవద్దు.

మే 1న లూవ్ర్ సహా చాలా చోట్ల తలుపులు మూసి ఉంటాయి.

అందరి పాస్‌పోర్టులూ ఒకే సంచిలో పెట్టకండి. హోటలు మారే రోజున కూడా. ‘అయిదు నిమిషాలే కదా’ అని కూడా.

అయినా పోయిందా? ముందు బ్యాంకుకు ఫోను చేసి కార్డులు ఆపించండి. తర్వాత దగ్గరి పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేసి కాగితం తీసుకోండి. ఆపైన రాయబార కార్యాలయం. శని, ఆదివారాలు అది తెరవరు కనుక శుక్రవారం పోగొట్టుకుంటే హోటలు గది సోమవారం దాకా పొడిగించుకోండి.