వంజరం దొరకని రోజు ఏ చేప కొనాలి, ఎలా వండాలి

తిరుపతిలో చేపల అంగడి పెట్టి నాకు పదిహేడేళ్లు. పుట్టిల్లు వాకాడు మండలంలో సముద్రం ఒడ్డు పల్లె. మా నాయన పడవ మీద వేటకు పోయేవాడు. పెళ్లై కొండ కింద ఊరికి వచ్చాక నేనూ చేపలనే నమ్ముకున్నాను. పొద్దున్నే వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "అక్కా, వంజరం ఉందా?" ఉంటే ధర విని ఆగిపోతారు. లేకపోతే ఖాళీ సంచీతో ఇంటికి పోతారు. పక్కనే ఐసులో మంచి చేపలు నాలుగు రకాలుంటాయి. పేరు తెలియదు, కోయడం తెలియదు, కాబట్టి ముట్టుకోరు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

సముద్రం మారిపోయింది, ముందు ఇది ఒప్పుకోవాలి. నూనె కవళ్లు (సార్డిన్) ఒకప్పుడు ఎక్కువగా కేరళ, కర్ణాటక వైపు చేప. కేరళవాళ్లు మత్తి అంటారు. 1980ల తర్వాత అవి మెల్లగా తమిళనాడు, ఆంధ్ర తీరాల్లోనూ బాగా పడసాగాయి. నీళ్లు వేడెక్కడం ఒక కారణమని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. అదే చేప కేరళలో 2012లో 4 లక్షల టన్నుల దగ్గర పడితే, 2021లో 3,297 టన్నులే పడింది. చేప ఒక చోట కుదురుగా ఉండదు. మన వంటింట్లోనేమో ముప్పై ఏళ్లుగా అవే మూడు పేర్లు.

కొనే ముందు నెల చూసుకోండి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో తిరుపతిలో కనిపించే పెద్ద సముద్రపు చేప చాలా మటుకు పడమటి తీరం నుంచి లారీలో వచ్చిందే. జూన్ 1న అక్కడా వేట ఆగుతుంది. కాబట్టి జూన్ మొదటి రెండు వారాలు పెద్ద చేపను ఒకటికి రెండుసార్లు పరీక్ష చేసి కొనండి, లేదా పులికాట్ రొయ్యలు, పీతలు, చెరువు చేపలు తినండి. నాటు పడవలవాళ్లు తెచ్చే చిన్న చేప కూడా దొరుకుతుంది. దానికి నేను ఎప్పుడూ ఓటేస్తాను.

కన్ను మెరవాలి, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట మళ్లీ పైకి రావాలి. ఇవి అందరికీ తెలిసినవే. కొత్త రకం చేపల దగ్గర ఇంకొకటి గట్టిగా చెబుతాను: తల తీసేసి, తోలు ఒలిచి పెట్టిన ముక్క ఏ చేపదో తెలియకుండా కొనొద్దు. పట్టుకుంటే బంతిలా ఉబ్బే చేప ఒకటుంది. దాని విషం ఎంత ఉడికించినా పోదు. తోలు ఒలిచేస్తే అది వేరే చేపలాగే కనిపిస్తుంది. అమ్మేవాళ్లను తల చూపించమనండి. నా దగ్గర అడిగితే నేను సంతోషంగా చూపిస్తాను.

ఇక క్లాత్తి సంగతి. చెన్నై కాసిమేడు చేపల రేవు నుంచి వచ్చే లోడులో ఈ మధ్య తరచుగా కనిపించే ముదురు నీలం చేప. తోక నెలవంకలా ఉంటుంది, పళ్లు ఎర్రగా ఉంటాయి. వలలో పడితే ఒకప్పుడు ఒడ్డున పారేసేవాళ్లు. తోలు చెప్పు తోలంత గట్టిది కాబట్టి ఎవరూ ఇష్టపడేవాళ్లు కాదు. లోపలి కండ మాత్రం తెల్లగా, గట్టిగా, ముళ్లు తక్కువగా ఉంటుంది. పిల్లలకు ఇంతకంటే సులువైన చేప లేదు. వీపు మీద ఒక ముల్లు నిటారుగా నిలబడి ఉంటుంది, ఎంత నొక్కినా వంగదు. దాని వెనకున్న చిన్న ముల్లును నొక్కండి, ముందుది తనంతట తానే పడిపోతుంది. ఈ కిటుకు తెలియక చేతులు కోసుకున్నవాళ్లను చూశాను. తర్వాత తల వెనక చుట్టూ పదునైన కత్తితో గాటు పెట్టి, తోలు అంచును గుడ్డతో పట్టుకుని తోక వైపు లాగాలి. పొలుసు గీకే పని లేదు. కిలో చేపకు అర కిలో కండ కూడా రాదు, కాబట్టి ధర కండ లెక్కన చూసుకోండి. మసాలా పట్టించి చెనక్కాయ నూనెలో వేయిస్తే ముక్క విరగదు. పులుసులో కూడా చెదరదు.

స్క్విడ్ అంటే ఇంకా భయం ఎక్కువ. రబ్బరులా ఉంటుందని వదిలేస్తారు. అది వండడంలో పొరపాటు, చేప తప్పు కాదు. తలను పట్టి మెల్లగా లాగితే పేగులన్నీ దాంతోనే వస్తాయి. నల్ల సిరా సంచి పగలకుండా చూసుకోండి. లోపల ప్లాస్టిక్ పుల్లలాంటిది ఒకటుంటుంది, అదీ లాగేయాలి. పైన ఊదారంగు పొర గోరుతో ఒలిచి ఉంగరాల్లా కోయండి. కొనేటప్పుడే లోపలి కండ తెల్లగా ఉందా చూడండి, గులాబీ రంగు దిగిందంటే నిలవదే. ఇక మంట: బాణలి బాగా కాలాక రెండు నిమిషాలు, అంతకు మించి వద్దు. ఎర్రగడ్డలు, మిరియాలు, కరివేపాకు ముందే వేయించి ఉంచుకుని చివర్లో స్క్విడ్ వేయండి. రెండు నిమిషాలు దాటిపోయిందా, ఇక దించొద్దు. మూత పెట్టి చిన్న మంట మీద నలభై నిమిషాలు ఉడకనివ్వండి, మళ్లీ మెత్తబడుతుంది. ఆ మధ్యలో దించితేనే రబ్బరు.

సూర చేప (ట్యూనా) గురించి చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గుండె దడ. ఒక ఎండాకాలం మా చెల్లెలు సాయంత్రం వేరే చోట ఐసు లేని బుట్టలోంచి సూర కొన్నది. తిన్న అరగంటకు పిల్లలిద్దరికీ ముఖం ఎర్రబడి, దద్దుర్లొచ్చి, తలనొప్పి. ఆసుపత్రికి తీసుకెళ్లాం, రాత్రికి తగ్గింది. సూర, కానాగంతలు చల్లగా లేకపోతే కండలో హిస్టమిన్ అనే, దద్దుర్లు తెప్పించే పదార్థం పుడుతుంది. దాన్ని వంట చంపలేదు. వాసన కూడా రాకపోవచ్చు. కాబట్టి వీటిని పొద్దున్నే, ఐసు కిందనే కొనండి. చేప ఎంతుంటే ఐసు అంతుండాలి, ఇది మా వ్యాపారంలో మొదటి పాఠం. మే నెలలో మన ఎండకు స్కూటర్ డిక్కీలో అరగంట కూడా ఎక్కువే. నలుపెక్కిన ఎర్ర కండ పట్టీ తీసేసి, మిగతాది మామిడికాయ పులుసులో పది నిమిషాలు ఉడికిస్తే చాలు. ఎక్కువైతే ఎండిపోతుంది.

నూనె కవళ్లకు పెద్ద పనేమీ లేదు. పొలుసు తీసి, పొట్ట శుభ్రం చేసి, ఉప్పూ పసుపూ కారం పట్టించి పెనం మీద కాల్చండి. రాగి సంగటి పక్కన ఉంటే ఇంకేమీ అడగరు.

వంజరం అస్సలు తినొద్దని నేననడం లేదు. మూరెడు కూడా లేని వంజరం మాత్రం కొనకండి. చాలా మటుకు అది ఇంకా ఒక్కసారి కూడా గుడ్డు పెట్టని పిల్ల. నేను అమ్మడం మానేశాను. మొదట్లో బేరం పోయింది, నాకు బాధ కూడా కలిగింది. ఇప్పుడు అడిగేవాళ్లకు క్లాత్తి ఇస్తున్నాను, చాలామంది మళ్లీ వస్తున్నారు.

ఇంకో సంగతి. తమిళుల పెరటాసి నెలలో మన జిల్లాలోనూ, చెన్నైలోనూ చాలా ఇళ్లు మాంసాహారం మానేస్తాయి. సెప్టెంబర్ సగం నుంచి అక్టోబర్ సగం దాకా చేపలకు గిరాకీ పడిపోయి ధర దిగుతుంది. ఆ వ్రతం లేని వాళ్లు కొత్త చేప నేర్చుకోవాలంటే ఆ నెలలో రండి. జనం తక్కువ, నాకు తీరిక ఎక్కువ. క్లాత్తి తోలు ఎలా లాగాలో పక్కన నిలబెట్టి చూపిస్తాను. కత్తి, గుడ్డ నా దగ్గరున్నాయి, ఐసు పెట్టుకోవడానికి ఒక స్టీలు క్యాను మీరు తెచ్చుకోండి.