గోరింటాకు పెట్టినా జుట్టు నల్లగానే ఉందా?

సమస్య: రాత్రంతా నానబెట్టి, మూడు గంటలు తలకు ఉంచుకున్నా అద్దంలో ఏ మార్పూ లేదు.

కారణం: గోరింటాకులోని లాసోన్ అనే రంగు పదార్థం వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రోటీన్‌కు పట్టుకుంటుంది కానీ, జుట్టుకు నలుపునిచ్చే మెలనిన్‌ని కొంచెం కూడా తగ్గించదు. నల్లబట్టకు ఎరుపు అద్దితే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది, అందుకే ప్యాకెట్ మీది అమ్మాయి ఎర్రజుట్టు చూసి ఆశపడొద్దు.

పరిష్కారం: ముందు ఎండలోకి వెళ్లి చూడండి, నీడలో కనపడని ఎర్రఛాయ అక్కడ తెలుస్తుంది. నెలకోసారి పెడుతూ పోతే అది చిక్కబడి ముదురు మెరూన్ వైపు వెళ్తుంది. ఇంకో మాట, మనవాళ్లు అలవాటుగా ఇనుప మూకుడులో టీ డికాషన్, ఉసిరి పొడి వేసి కలుపుతారు కదా, అది తెల్లజుట్టును గోధుమరంగుకు తేవడానికి బాగుంటుంది కానీ ఎరుపు కావాలనుకునేవాళ్లకు పనికిరాదు, ఎర్రఛాయను చంపేస్తుంది. మీకు ఎరుపే కావాలంటే స్టీలు గిన్నె, నీళ్లు, కాస్త నిమ్మరసం చాలు.

సమస్య: నల్లవెంట్రుకలు అలాగే ఉండి, తెల్లవి మాత్రం నారింజరంగులో మెరుస్తున్నాయి.

కారణం: తెల్లవెంట్రుకలో మెలనిన్ ఉండదు కాబట్టి లాసోన్ అసలు రంగు అక్కడ బయటపడుతుంది.

పరిష్కారం: టెన్షన్ పడి వెంటనే ఇంకో రంగు వేసెయ్యకండి, గాలి తగిలి రెండు మూడు రోజుల్లో అదే ముదురుతుంది. నలుపే కావాలంటే గోరింటాకు కడిగేశాక నీలి ఆకు పొడి (ఇండిగో) పెట్టాలి. దాన్ని రాత్రంతా నానబెట్టకూడదు, గోరువెచ్చని నీళ్లలో కలిపి పావుగంటలో తలకు పట్టించి, గంటో రెండు గంటలో ఉంచి, మర్నాటిదాకా షాంపూ జోలికి వెళ్లొద్దు.

సమస్య: అక్కడక్కడ పట్టి, అక్కడక్కడ పట్టలేదు. చాలావరకు నూనె, సీరమ్‌ల వల్లే. ముందురోజు తలస్నానం చేసి, నూనె రాయకుండా పొడిజుట్టుకు పెట్టండి.

సమస్య: గంటలోనే కారునలుపు వచ్చింది, కానీ మాడు దురద పెడుతోంది.

కారణం: అది ఒట్టి గోరింటాకు కాదు. "బ్లాక్ హెన్నా" పేరుతో అమ్మేవాటిలో చాలాసార్లు పీపీడీ అనే రసాయనం ఉంటుంది, దానికి కొందరికి తీవ్రమైన అలర్జీ వస్తుంది.

పరిష్కారం: వెంటనే కడిగేయండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఇకపై ఆ ప్యాకెట్ ముట్టుకోవద్దు.

ఒకసారి పట్టిన గోరింటాకు రంగు పూర్తిగా పోవడం కష్టం, జుట్టు పెరిగి కత్తిరించుకోవాల్సిందే. అందుకే ఏ కొత్త పొడి తెచ్చినా ముందు దువ్వెనలో రాలిన నాలుగు వెంట్రుకల మీద పెట్టి, రెండు రోజులాగి ఎండలో చూసుకోండి.