కొండెక్కి వచ్చే చందమామ: కాగితంతో లైట్ బాక్సు ఎలా చేయాలి?

'చందమామ రావే' అని పాడుతూ గోరుముద్దలు తినిపించిన ఇళ్లలో ఆ పాట బొమ్మగా ముందే ఉంటుంది. జాబిల్లి కొండెక్కి రావాలి, గోగుపూలు తేవాలి. బండెక్కి రావాలి, బంతిపూలు తేవాలి. కొండ, బండి, పూలు, కింద గిన్నె పట్టుకున్న అమ్మ, ఆమె చంకలో బిడ్డ. వీటిని నాలుగు పొరల కాగితంలో కోసి, వెనక దీపం పెట్టి చేసే పెట్టె ఇది. మామూలు షాడో బాక్సుకూ (కాగితపు బొమ్మల్ని పొరలుగా పేర్చిన పెట్టె) దీనికీ తేడా ఒక్కటే. ఇందులో చంద్రుడు నిజంగానే కొండెక్కుతాడు. కిందికి వంగి చూస్తే కొంత కొండ వెనక దాక్కుంటాడు, లేచి నిలబడి చూస్తే పైకి వస్తాడు. మోటారు అక్కర్లేదు, కొలతలు సరిగ్గా ఉంటే చాలు.

కత్తిరింపు కొత్తవాళ్లకు రెండు సాయంత్రాల పని. కట్టర్ పట్టేది పెద్దవాళ్లే. పూలు చుట్టడం, చుక్కలు పొడవడం పిల్లలకు వదిలేయవచ్చు.

కావలసినవి

- 220 నుంచి 250 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) రంగు కార్డు షీట్లు, ఏ4 సైజు: నలుపు, ముదురు గోధుమ, ముదురు ఆకుపచ్చ, ముదురు నీలం ఒక్కొక్కటి. వెనక మూతకు తెల్లది ఒకటి
- ట్రేసింగ్ పేపరు, ఏ4, రెండు
- పసుపు రంగు గాలిపటం కాగితం, అరచేయంత
- 5 మి.మీ. మందం సన్‌బోర్డు (ఫోమ్ బోర్డు), ఏ3 ఒకటి
- 5 వోల్టుల యూఎస్‌బీ ఎల్‌ఈడీ స్ట్రిప్పు, వార్మ్ వైట్ (పసుపు ఛాయ తెలుపు), 1 మీటరు
- వంటింటి అల్యూమినియం ఫాయిల్, ఫెవికాల్, గ్లూ స్టిక్, డబుల్ సైడ్ టేపు, ఇన్సులేషన్ టేపు
- సన్నమొన కట్టర్, స్టీలు స్కేలు, కటింగ్ మ్యాట్, వృత్తలేఖిని, గుండుపిన్ను, బైండర్ క్లిప్పులు

చార్టు పేపరుతో కానిచ్చేద్దాం అనుకోకండి. అది పల్చన, నిలబెడితే నడుము దగ్గర వంగిపోతుంది. మరీ మందం కార్డు కూడా వద్దు, బండి చక్రం లాంటి సన్నపనిలో కట్టర్ నాలుగైదు సార్లు గీయాల్సి వచ్చి అంచులు పీచుదేరతాయి.

కొలత: 14 × 20 సెం.మీ.

ప్రతి పొరా 14 సెం.మీ. వెడల్పు, 20 సెం.మీ. ఎత్తు. ఈ కొలతకు ఏ4 షీటులో రెండు ముక్కలు వస్తాయి, ఒకటి పాడైనా రెండోది చేతిలో ఉంటుంది. వెడల్పు 15 చేస్తే రెండో ముక్కకు 3 మి.మీ. చాలదు. నాలుగు పొరలకూ చుట్టూ 1 సెం.మీ. అంచు గీయండి. ఈ అంచు మీద బొమ్మ ఏదీ రాకూడదు, పొరల మధ్య సన్‌బోర్డు పట్టీలు అతికేది ఇక్కడే. కింద చెప్పే కొలతలన్నీ ముక్క పై అంచు నుంచి, ఎడమ అంచు నుంచి తీసినవి.

మొదటి పని: ఆకాశం, చంద్రుడు

నీలం ముక్క మీద పైనుంచి 6, ఎడమ నుంచి 8.5 సెం.మీ. దగ్గర కేంద్రం పెట్టి 6.5 సెం.మీ. వ్యాసంతో వృత్తం గీసి కోయండి. వృత్తం కోసేటప్పుడు కట్టర్‌ను ఒకచోట నిలిపి, కాగితాన్ని తిప్పాలి. చేతిని తిప్పితే అంచు మూలలు మూలలుగా వస్తుంది. చంద్రుడి విషయంలో ఆ లోపం దీపం వెలగగానే బయటపడుతుంది.

అదే ముక్క కింది భాగంలో, పైనుంచి 11.5 మొదలు 14.5 వరకు, ఎడమ నుంచి 6 మొదలు 12 వరకు ఒక దీర్ఘచతురస్రపు కిటికీ కోయండి. ఇది కొండ వెనక దాగి ఉంటుంది. గోగుపూలకు వెలుగు ఇక్కడినుంచే. ఈ కిటికీ లేకపోతే దీపం ఆర్పిన గదిలో పూలన్నీ నల్లటి మచ్చలే. వెలుగు వెనకనుంచి వస్తున్నప్పుడు ముందు అతికించిన రంగు కనబడదు.

చంద్రుడికి ట్రేసింగ్ పేపరు రెండు పొరలు, 8 సెం.మీ. చదరంగా. కుందేలు మచ్చ కావాలంటే మూడో పొర ముక్కలు వాడాలి. వెనక దీపం ఉన్నప్పుడు పొర పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది, రంగు పూయక్కర్లేదు. ముక్కల్ని కత్తెరతో కాకుండా వేళ్లతో చింపండి, అంచులు మెత్తగా కలిసిపోతాయి.

మచ్చలు ఎక్కడ పెట్టాలన్నది పున్నమినాటి చంద్రోదయాన్ని బట్టి ఉంటుంది. అంతర్జాలంలో దొరికే ఫొటోల్లో చంద్రుడి ఉత్తరం పైన ఉంటుంది. మన దగ్గర తూర్పున ఉదయించేటప్పుడు ఆ ఉత్తరం ఎడమ పక్కకు వాలి ఉంటుంది, కుందేలు చెవులు పైకెత్తి నిలబడినట్టు అగుపిస్తుంది. కేంద్రం నుంచి స్థానాలు ఇవి:

- తల: పైకి 1.7 సెం.మీ., సుమారు 1.6 సెం.మీ. గుండ్రం
- పెద్ద చెవి: పైకి 2.4, కుడికి 0.9, కోలగా 1.5 పొడవు
- చిన్న చెవి: పైకి 1.6, కుడికి 1.1, 0.6 గుండ్రం
- మెడ: ఎడమకు 1.4, పైకి 1.1, 1.3 గుండ్రం
- ఒళ్లు: ఎడమకు 1.9, కిందికి 0.4, 2 సెం.మీ. కన్నా కాస్త పెద్ద గుండ్రం
- వెనక భాగం: ఎడమకు 1.4, కిందికి 2.4, ఆకారం లేకుండా పరుచుకున్నట్టు

ఒళ్లు, మెడ, తల ఒకదాన్నొకటి కాస్త తాకాలి. కుడి సగం దాదాపు ఖాళీగా వదలండి. ఇక్కడ ఎక్కువమంది పొరపడేది ఒకచోట. ముక్కలు వెనక అతికిస్తారు కనుక కుడి ఎడమలు తారుమారవుతాయి. ట్రేసింగ్ పేపరు ముందువైపు పెన్సిలుతో లేతగా గుర్తులు పెట్టుకుని, తిప్పి, కనిపించే గుర్తుల మీదే అతికించండి. తర్వాత పెన్సిలు చెరిపేయండి.

ట్రేసింగ్ పేపరుకు ఫెవికాల్ తగలనివ్వకండి. అందులో నీళ్లుంటాయి, పల్చటి కాగితం తడిసి ఉబ్బి, ఆరాక ముడతలు పడుతుంది. ఆ ముడత దీపం వెలుగులో మూడింతలై కనబడుతుంది. ముక్కలకు గ్లూ స్టిక్, చుట్టూ అంచుకు డబుల్ సైడ్ టేపు.

చుక్కలు పది పన్నెండు చాలు, గుండుపిన్నుతో. పున్నమి వెలుగులో ఆకాశంలో చుక్కలు పల్చబడతాయి. నింపేస్తే అది అమావాస్య ఆకాశమే. చుక్కలు పొడిచే ముందే ఆకాశం వెనక ఫాయిల్ అతికించాలి: 12.5 × 18.5 ముక్క, చంద్రుడి దగ్గర, కిటికీ దగ్గర కోసేసి. రంగు కార్డు ఎంత ముదురుగా ఉన్నా దీపం పెడితే కొంత వెలుగు కారుతుంది. నమ్మకం లేకపోతే సెల్‌ఫోన్ టార్చి వెనక పెట్టి చూడండి.

పున్నమి బదులు నెలవంక పెడదామంటే, కార్టూన్లలోలాగా నిటారుగా నిలబెట్టకండి. విదియ, తదియ నాడు మన పడమటి ఆకాశంలో నెలవంక కొమ్ములు పైకి తిరిగి, పడవలా వాలి ఉంటుంది. రెండు కొమ్ముల మొనలూ వృత్తం వ్యాసానికి అటూ ఇటూ చివర్లలోనే ఉండాలి. అంతకు మించి మూసుకొస్తే అది గ్రహణం బొమ్మ. ఇక నెలవంక దిగేదే కానీ ఎక్కేది కాదు, కాబట్టి కొండెక్కే ముచ్చట పున్నమికే కుదురుతుంది.

కొండ

ఆకుపచ్చ ముక్క మీద శిఖరం గీత చంద్రుడి కింద సరిగ్గా పైనుంచి 8.75 సెం.మీ. దగ్గర ఉండాలి. చంద్రుడి కింది అంచు 9.25 దగ్గర ఉంది కాబట్టి, ఎదురుగా చూస్తే 5 మి.మీ. మేర కొండ వెనక ఉంటాడు. శిఖరాన్ని మూడున్నర సెంటీమీటర్ల మేర దాదాపు చదునుగా ఉంచి, ఎడమకు 13 దాకా, కుడికి 10 దాకా వాల్చండి. గీత చేత్తో గీసినట్టే ఉండాలి, స్కేలు పెట్టకండి.

ఆకాశానికీ కొండకూ మధ్య సందు 1 సెం.మీ. అంటే సన్‌బోర్డు పట్టీలు రెండు వరసలు. సుమారు 30 డిగ్రీల పైనుంచి చూస్తే, ఈ సందు వల్ల కొండ 6 మి.మీ. దాకా కిందికి జారినట్టు కనిపిస్తుంది, చంద్రుడు పూర్తిగా బయటపడతాడు. సందు అర సెంటీమీటరే పెడితే మూడు మిల్లీమీటర్లే కదులుతుంది, ఎక్కినట్టు అనిపించదు. పెట్టెను బల్ల మీద, పిల్లల కంటి ఎత్తులో పెడితే ఆట బాగా పండుతుంది.

గోగుపూలు కిటికీకి ఎదురుగా పడేట్టు, అంటే 11.5 నుంచి 14.5 మధ్య. గోగు నిలువుగా పెరిగే మొక్క, పూలు కాండం పొడవునా పూస్తాయి. నాలుగైదు నిలువు కాడల పక్కన 8 మి.మీ. అయిదు రేకుల పూలు కోసి, వెనక పసుపు గాలిపటం కాగితం అతికించండి. ప్రతి పువ్వు మధ్యలో ముదురు ఎరుపు స్కెచ్ పెన్నుతో ఒక చుక్క. మీ వైపు మోదుగుపూలనే గోగుపూలంటే కాగితం నారింజ రంగుది తీసుకోండి. రేకుకూ రేకుకూ మధ్య కనీసం 1 మి.మీ. కార్డు మిగలాలి, లేకపోతే పువ్వు మొత్తం ఊడి పడిపోతుంది.

బండి

గోధుమ ముక్క మీద కింద, కుడివైపు. చక్రం 3 సెం.మీ., కింది అంచు పైనుంచి 18 దగ్గర, బాట మీద ఆనాలి. అసలు బండి చక్రానికి ఆకులు (నడుమ నుంచి అంచుకు వెళ్లే కర్రలు) ఎక్కువే ఉంటాయి, ఈ సైజులో ఎనిమిది చాలు. ఒక్కో ఆకు 1.5 మి.మీ. కన్నా సన్నగా కోయకండి. ముందు ఆకుల మధ్య సందులు, తర్వాత చక్రం వెలుపలి గీత. ఈ వరస తప్పితే పట్టు దొరక్క చక్రం చిరుగుతుంది. ఎడ్లను కూడా కోయాలంటే కాళ్లు వేరువేరుగా కాకుండా జంటగా కలిపి కోయండి. కాడి (ఎడ్ల మెడ మీది కర్ర), నొగ (కాడిని బండికి కలిపే కర్ర) ఎడ్లకు తప్పనిసరిగా తగిలి ఉండాలి, గాలిలో తేలే ముక్క ఏదీ నిలబడదు.

అమ్మ, బిడ్డ: ఇంటి ఫొటోలోంచి

ముందున్న నల్లటి పొర ఇది. ఎడమ మూలన, 7 సెం.మీ. ఎత్తు. పాత ఆల్బమ్‌లోని ఫొటోను సెల్‌ఫోన్‌తో తీసి ఆ సైజుకు ప్రింటు వేయండి, అసలు ఫొటో మీద ఎప్పుడూ గీయకండి. పక్కకు తిరిగిన ముఖమే పనికొస్తుంది. ఎదురు ముఖాన్ని నల్లగా కోస్తే కుండలా ఉంటుంది తప్ప మనిషి పోలిక రాదు. అలాంటి ఫొటో లేకపోతే ఇంట్లోవాళ్లను గోడ ముందు పక్కకు నిలబెట్టి కొత్తగా తీయడమే మేలు.

పోలిక వచ్చేది ముక్కు, గడ్డం, జుట్టు ముడి దగ్గర. నాయనమ్మ అయితే కొప్పు, అమ్మ అయితే జడ, తాతయ్య అయితే భుజం మీది కండువా. ఫొటోలో లేకున్నా కండువా చివర కొంచెం వేలాడేట్టు గీయండి. ముద్ద పట్టిన చేతికీ బిడ్డ నోటికీ మధ్య 4 మి.మీ. సందు వదలాలి. తగిలిస్తే చెయ్యీ ముఖమూ ఒకే మచ్చగా కలిసిపోయి, ఏం జరుగుతోందో తెలియదు. బిడ్డ రెండో చెయ్యి చంద్రుడి వైపు చాచి ఉండాలి. వేలు 2 మి.మీ. మందం ఉంచండి, అంతకు తగ్గితే కొన్నాళ్లకు వంగిపోతుంది.

ఫొటో ప్రింటును కార్డు వెనక వైపు అతికిస్తే బొమ్మ తిరగబడుతుంది. ముందువైపు నాలుగు మూలలా చిన్న టేపు ముక్కలతో నిలిపి, రెండింటినీ కలిపి కోయండి. టేపు ముక్కలు బొమ్మకు బయట, పారేసే భాగం మీద పడాలి.

బంతిపూలు పగటి అందం, రాత్రి కనబడవు. 5 మి.మీ. వెడల్పు, 10 సెం.మీ. పొడవు నారింజ కాగితపు పట్టీని ఒక అంచున 3 మి.మీ. లోతు దగ్గరదగ్గరగా కత్తిరించి, చుట్టి, చివర ఫెవికాల్ చుక్క పెట్టి, రేకులు వేలితో విప్పితే పువ్వు. ముందు అంచు కింది మూలలో అయిదారు అతికించండి.

కూర్పు

సన్‌బోర్డును 8 మి.మీ. పట్టీలుగా కోయండి. అంచు 1 సెం.మీ. కాబట్టి ముందునుంచి కనబడవు. ఒక్కో వరసకు 20 సెం.మీ.వి రెండు, 12.4వి రెండు. వరసలు మొత్తం నాలుగు: అమ్మ–బండి మధ్య ఒకటి, బండి–కొండ మధ్య ఒకటి, కొండ–ఆకాశం మధ్య రెండు. అతికించే ముందు అన్నీ పేర్చి, క్లిప్పులు పెట్టి, వెనక టార్చి వేసి చూడండి. పూలకు అడ్డంగా బండి పడితే ఇప్పుడే జరుపుకోవాలి.

ఆకాశం వెనక దీపపు గది: 4 సెం.మీ. లోతు గోడలు, 20వి రెండు, 13వి రెండు, చిన్నవి పెద్దవాటి మధ్యలో. స్ట్రిప్పును గోడల లోపలి వైపు, వెనక మూతకు దగ్గరగా చుట్టూ అతికించండి. సుమారు 60 సెం.మీ. పడుతుంది. మిగిలింది కత్తెర గుర్తు ఉన్నచోటే కోయాలి, యూఎస్‌బీ ఉన్న వైపు వాడాలి. వైరు బయటికి రావడానికి కింది గోడలో చిన్న గాడి. స్ట్రిప్పును నేరుగా చంద్రుడి వెనక, మూత మీద అతికిస్తే చంద్రుడిలో బల్బుల చుక్కలు వరసగా కనిపిస్తాయి. పక్కలనుంచి వెలుగు తెల్ల మూతకు తగిలి తిరిగొస్తేనే పాలవెన్నెల. కోసిన చివరకు ఇన్సులేషన్ టేపు తప్పదు, లోపల ఫాయిల్ ఉంది. కొవ్వొత్తి, ప్రమిద ఇందులో ససేమిరా పెట్టకూడదు.

గోడలకు ఫెవికాల్ పూశాక రాత్రంతా పుస్తకాల కింద ఉంచండి. వైపులా కనిపించే తెల్లటి సన్‌బోర్డును నల్ల కాగితపు పట్టీతో కప్పండి, చుట్టూ 68 సెం.మీ. కాబట్టి అతుకు తప్పదు, దాన్ని కింద వేయండి. వెనక మూతను మాత్రం ఫెవికాల్‌తో కాక డబుల్ సైడ్ టేపుతో నాలుగు మూలలా నిలపండి. ఎల్‌ఈడీ పాడైనప్పుడు తీసి మార్చుకోవచ్చు. వానాకాలంలో ట్రేసింగ్ పేపరు వదులై చంద్రుడు ఉబ్బినట్టు కనిపిస్తే మూత తీసి, పాత టేపు లాగేసి, బిగించి మళ్లీ అతికించవచ్చు.