బ్యాటరీ రంపం పట్టే ముందు గార్డు చూడండి

గుండ్రని బ్లేడుతో చెక్క కోసే బ్యాటరీ రంపం గురించే ఇదంతా. ముందు బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టండి. స్విచ్ మీద చెయ్యి తీసేస్తే సరిపోదు. బ్లేడు దగ్గరికి వేలు వెళ్లే ప్రతిసారీ, అర నిమిషం పనైనా సరే, బ్యాటరీ బయటే ఉండాలి.

మొదట చూడాల్సింది కింది గార్డు, అంటే బ్లేడు కింది భాగాన్ని కప్పి ఉంచే కదిలే తొడుగు. లివర్ పట్టుకుని పూర్తిగా వెనక్కి లాగి వదలండి. టక్కున మూసుకోవాలి. నెమ్మదిగా జారినా, సగంలో ఆగినా ఆ మెషీన్‌ను ఆ రోజు చెక్కకి ఆనించొద్దు. నిటారుగా ఒకసారి, బేస్ ప్లేటు (చెక్క మీద ఆనే పలక) 45 డిగ్రీలకు వంచి ఒకసారి, కోత లోతు పూర్తిగా పెంచి, తగ్గించి మరోసారి చూడండి. నిటారుగా చక్కగా మూసుకునే గార్డు కూడా వంచితే ప్లేటుకు తగిలి ఆగిపోవచ్చు. కింద పడిన మెషీన్‌కైతే గార్డు అంచు వంగి బ్లేడుకు గీసుకుంటోందేమో వెతకండి.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గార్డు పట్టేయడానికి బంక కూడా ఒక కారణం. ఉద్దానంలో జీడికర్ర, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలకు వాడే పనస, రెండూ బంక కారే చెట్లే. వాటిని పచ్చిగా కోస్తే పొట్టు బంకతో కలిసి గార్డు తిరిగే చోట గట్టిపడిపోతుంది. బ్లేడు విప్పి, ఆ చుట్టుపక్కలంతా పాత టూత్ బ్రష్‌తో రాల్చి, సబ్బునీళ్లలో ముంచి బాగా పిండిన గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. చాలామంది ఇక్కడ నూనె వేస్తారు. వద్దు. రెండు రోజులు బాగానే తిరుగుతుంది, ఆ తర్వాత కొత్త పొట్టు నూనెలో ముద్దయి ఇంకా గట్టిగా పట్టేస్తుంది. థిన్నర్, పెట్రోలు ప్లాస్టిక్‌ను పాడుచేస్తాయి. శుభ్రం చేశాక కూడా మూసుకోకపోతే సర్వీసు సెంటర్‌లో స్ప్రింగు మార్పించండి.

గార్డును తీగతో తెరిచి కట్టేయడం ఎంత పెద్ద మేస్త్రీ నేర్పినా నేర్చుకోవద్దు. కోత అయి చెయ్యి దించేటప్పటికి బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఎదురుగా ఉండేది మీ తొడే.

ఇక బ్లేడు. 18 వోల్టుల మెషీన్లలో 165 మిల్లీమీటర్లది ఎక్కువ. ఒక్కో పన్నూ చూడండి: పన్ను కొనన ఉండే గట్టి కార్బైడ్ ముక్క ఊడినా, రేకులో సన్నని పగులు కనిపించినా పారేయండి, సాన పట్టించి వాడొద్దు. బంక పట్టిన బ్లేడును గోరువెచ్చని నీళ్లలో తినేసోడా కలిపి పది నిమిషాలు నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరపు ఊళ్లలో తడి వదిలేస్తే తుప్పు త్వరగా పడుతుంది. బిగించేటప్పుడు ఫ్లాంజిల (బ్లేడును రెండు వైపులా పట్టి ఉంచే బిళ్లల) మధ్య పొట్టు ఉండకూడదు, ఉంటే బ్లేడు ఊగుతుంది. బ్లేడు మీది బాణం, గార్డు మీది బాణం ఒకే వైపు చూడాలి. బోల్టు విప్పడానికి చాలా మెషీన్లలో బ్లేడు తిరిగే వైపే తిప్పాలి. కొత్తది కొంటే దాని మీద రాసిన ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మెషీన్ వేగం కన్నా తక్కువ ఉండకూడదు, మధ్య రంధ్రం కొలత కచ్చితంగా సరిపోవాలి.

బేస్ ప్లేటుకూ బ్లేడుకూ మధ్య మూలమట్టం పెట్టి 90 డిగ్రీలు సరిచూడండి. ప్లేటు వంకర ఉంటే బ్లేడు కోతలో ఇరుక్కుని మెషీన్ వెనక్కి తంతుంది. మొద్దుబారిన పళ్లు, పచ్చి చెక్క, కోత దగ్గర ఆనిక లేని పలక కూడా అదే పని చేస్తాయి. చెక్క కిందికి ఒక పన్ను ఎత్తు మించి బ్లేడు దిగనివ్వకండి.

బ్యాటరీ ఉబ్బినా, పగిలినా, వరదనీళ్లలో మునిగినా చార్జింగ్ పెట్టొద్దు. మేకుల సంచిలో వేయొద్దు, మేకు బ్యాటరీ రెండు కొనలకూ తగిలితే షార్ట్ అవుతుంది. వేసవిలో రేకుల షెడ్డులో 40 డిగ్రీలు దాటిన చోట చార్జ్ చేయకండి. నెలల తరబడి వాడనప్పుడు సగం చార్జితో చల్లని చోట ఉంచండి.

అన్నీ అయ్యాక బ్యాటరీ పెట్టి, లాక్ బటన్ (పొరపాటున ఆన్ కాకుండా ట్రిగ్గర్‌ను ఆపే బటన్) నొక్కకుండా ట్రిగ్గర్ లాగండి. తిరిగిందంటే స్విచ్ పోయినట్టే. తిరక్కపోతే లాక్ నొక్కి, గాలిలో కొన్ని సెకన్లు నడిపి వదలండి. బ్రేక్ ఉన్న మెషీన్ ఒకటి రెండు సెకన్లలో ఆగాలి. రోజూ కన్నా ఎక్కువసేపు తిరిగినా, ఊగినా, కొత్త చప్పుడొచ్చినా బ్యాటరీ తీసేసి సర్వీసుకి ఇవ్వండి.