రక్తదాన శిబిరంలో ఫారం నింపించేవాళ్లకి

ఉద్దానంలో డయాలసిస్ మీదున్నవాళ్లకి, సీతంపేట ఏజెన్సీ వైపు సికిల్‌సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంకరపోయే జబ్బు) ఉన్న పిల్లలకి రక్తం పదేపదే కావాలి కాబట్టి శ్రీకాకుళం, విజయనగరాల్లో ఎన్ని శిబిరాలు పెట్టినా చాలవు. కానీ అన్నిసార్లు ఎక్కించుకునేవాళ్లకే వైరస్ సోకే ప్రమాదమూ ఎక్కువ. అందుకే ఎన్ని యూనిట్లు వచ్చాయన్నదానికంటే దాతని ఎలా అడిగామన్నదే నాకు ముఖ్యం.

"ఎలాగూ టెస్టులు చేస్తారు కదా" అంటారు చాలామంది. చేస్తారు. ప్రతి యూనిట్‌కీ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. అయితే వైరస్ ఒంట్లోకి వచ్చిన మర్నాడే పరీక్షకి దొరకదు. మామూలుగా చేసే ఎలైజా పరీక్షలో హెచ్ఐవీ బయటపడటానికి రెండు మూడు వారాలు, పాత రకం కిట్ అయితే ఇంకా ఎక్కువే పడుతుంది. హెపటైటిస్ బికి నెల దాటొచ్చు, సి యాంటీబాడీలు కనపడాలంటే సుమారు రెండు నెలలు. దీన్నే విండో పీరియడ్ అంటారు. వైరస్ జన్యుపదార్థాన్నే నేరుగా వెతికే నాట్ (NAT) పరీక్షతో ఈ గడువు బాగా తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు, పైగా మన దేశంలో అది తప్పనిసరి కాదు. ఆ రోజుల్లో ఇచ్చిన రక్తానికి రిపోర్టు నెగెటివ్ అనే వస్తుంది, ఆ ఒక్క సంచీనే ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మాగా విడదీస్తే ముగ్గురికి ఎక్కుతుంది. అక్కడ కాపాడగలిగేది దాత నోటి నుంచి వచ్చే నిజం ఒక్కటే.

కాబట్టి ముందు చోటు చూసుకోండి. ఒక బల్ల, రెండు కుర్చీలు, మాట పక్కవాళ్లకి వినపడనంత దూరంలో. స్నేహితులు భుజం మీద చెయ్యేసి నిలబడి ఉండగా అడిగితే ఏ కుర్రాడైనా "ఏటీ లేదండి" అనే అంటాడు. ఆడవాళ్లని ఆడ వలంటీరే అడగాలి. అన్నిటికీ "లేదు" అని మీరే టిక్కులు పెట్టేసి సంతకం చేయించడం మాత్రం వద్దే వద్దు.

వయసు 18 నుంచి 65, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5, ఒకసారి ఇచ్చాక మళ్లీ ఇవ్వడానికి మగవాళ్లకి 90 రోజులు, ఆడవాళ్లకి 120 రోజుల ఎడం, ఇవి అందరికీ తెలిసినవే. అసలు పని తర్వాతిది. "ఆరోగ్యం బాగుందా?" అంటే లాభం లేదు, విడివిడిగా అడగండి. ఈ ఏడాదిలో జాతరలో పచ్చబొట్టు పొడిపించుకున్నారా, చెవో ముక్కో కుట్టించుకున్నారా? అయితే 12 నెలలు ఆగాలి. రక్తం ఎక్కించుకున్నా, పెద్ద ఆపరేషన్ జరిగినా, కుక్క కరిచి టీకా వేయించుకున్నా అంతే. పచ్చకామెర్ల దగ్గర ఇంకాస్త ఆగండి, ఎందుకంటే మన దగ్గర పసరు మందు తాగి తగ్గిందనుకునేవాళ్లకి అది ఏ రకమో తెలీదు. బి, సి అని తేలినవాళ్లు ఎప్పటికీ ఇవ్వకూడదు. తెలీనివాళ్ల సంగతి మెడికల్ ఆఫీసర్‌కి వదిలేయండి. మలేరియా తగ్గాక 3 నెలలు ఆగాలి కాబట్టి గుజరాత్‌లోని వీరావల్‌లో చేపల వేట నుంచి వచ్చినవాళ్లని, ఏజెన్సీలో పనిచేసేవాళ్లని జ్వరాల గురించి రెండోసారి కూడా అడగండి.

లైంగిక సంబంధాల ప్రశ్నలు మెడికల్ ఆఫీసర్ అడిగితేనే మంచిది, అదీ తప్పుపట్టే గొంతుతో కాదు. హెచ్ఐవీ ఉందేమో తెలుసుకుందామనే రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్లుంటారు. వాళ్లకి ప్రభుత్వాసుపత్రిలో ఐసీటీసీ (హెచ్ఐవీ సలహా, పరీక్ష కేంద్రం) ఉందని, అక్కడ పరీక్ష ఉచితమని, పేరు బయటికి రాదని, ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసి అడగొచ్చని నెమ్మదిగా చెప్పండి.

రక్తం తీసుకోలేమని మీరు చెప్పిన దాతకి కూడా అందరితో పాటే జ్యూసు, బిస్కెట్లు ఇచ్చి కూర్చోబెట్టండి. కారణం మైకులోనే కాదు, వాళ్ల అన్నకి కూడా చెప్పొద్దు. చుట్టానికి రక్తం కావాలని ఇంట్లోవాళ్లు లాక్కొచ్చిన కుర్రాళ్లు ఎక్కువగా నిజం దాచేది ఈ భయంతోనే. అందుకే బ్లడ్ బ్యాంకుతో ముందే మాట్లాడుకుని, ఫోన్ నంబరూ సంచీ నంబరూ ఉన్న చీటీ ప్రతి దాతకీ ఇవ్వండి. ఇంటికెళ్లాక మనసు మారితే "నా రక్తం వాడొద్దు" అంటే చాలు, ఎందుకో చెప్పక్కర్లేదు.

నేత్రదానంలో అయితే దాత మాట్లాడలేడు. చనిపోయాక ఆరు గంటల్లోపు కార్నియా (కనుగుడ్డు ముందుండే పారదర్శకమైన పొర) తీయాలి, ఈలోగా ఫ్యాన్ ఆపి, కళ్లు మూసి, రెప్పల మీద తడి దూది పెట్టి, తల కింద దిండు ఉంచండి. వచ్చిన టీమ్ రక్తం శాంపిల్ కూడా తీసుకుంటుంది. కుక్క కరిచిందా, కామెర్లున్నాయా అని వాళ్లడిగినప్పుడు ఊరి నుంచి అప్పుడే దిగిన పెదనాన్నని కాదు, రోజూ మందులు అందించిన మనిషిని ముందుకి పిలవండి. రేబిస్ అనుమానం ఉంటే ఆ కళ్లు ఎవరికీ పెట్టకూడదు.