న్యూక్లియర్ విండోలో ‘అమ్మ’ బదులు నాలుగు ప్రశ్నార్థకాలు: సమస్య - పరిష్కారం

న్యూక్లియర్ అనేది సీ భాషలో విండోలు, బటన్లు, స్లైడర్లు గీసుకోవడానికి ఒకే ఒక్క హెడర్ ఫైలుగా దొరికే చిన్న లైబ్రరీ. ఆ ఫైలు ప్రాజెక్టులో పడేసుకుంటే చాలు. కొత్తవాళ్లను ఎక్కువగా ఆపేసేవి ఇవి.

సమస్య: కంపైల్ బాగానే అయింది, లింకర్ (కంపైలైన ముక్కలను కలిపే ప్రోగ్రామ్) మాత్రం ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అంటోంది.
కారణం: ఫంక్షన్ల అసలు కోడ్ కూడా హెడర్‌లోనే ఉంటుంది. ఇంప్లిమెంటేషన్ మాక్రో (NK_IMPLEMENTATION అనే #define లైను) ఉంటేనే అది కంపైల్ అవుతుంది.
పరిష్కారం: ఒకే ఒక్క సోర్స్ ఫైలులో, ఇన్‌క్లూడ్‌కి ముందు ఆ మాక్రో పెట్టండి. మిగతా ఆప్షన్ మాక్రోలు మాత్రం అన్ని ఫైళ్లలోనూ ఒకేలా ఉండాలి. లేకపోతే స్ట్రక్చర్ల సైజులు తేడా వచ్చి, ఏ సంబంధమూ లేని చోట క్రాష్ అవుతుంది. అది వెతకాలంటే రోజంతా పోతుంది.

సమస్య: విండోను మినిమైజ్ చేయగానే ప్రోగ్రామ్ అసర్ట్‌తో (కోడ్‌లోని తప్పును పట్టే తనిఖీతో) ఆగిపోతోంది.
కారణం: విండోను మొదలుపెట్టే ఫంక్షన్ బిగిన్ (nk_begin), ముగించేది ఎండ్ (nk_end). ఎండ్ పిలుపు ఇఫ్ బ్లాకు లోపల ఉంది. మినిమైజ్ చేస్తే బిగిన్ సున్నా ఇస్తుంది, ఎండ్ జరగదు.
పరిష్కారం: ఎండ్‌ను ఇఫ్ బయటికి తెచ్చేయండి.

సమస్య: ‘అమ్మ’ అని లేబుల్ ఇస్తే నాలుగు ప్రశ్నార్థకాలు వస్తున్నాయి.
కారణం: మామూలుగా లాటిన్ అక్షరాలే, అక్షరాల బొమ్మలన్నీ దాచే ఫాంట్ అట్లాస్‌లోకి ఎక్కుతాయి. లేని అక్షరానికి ప్రశ్నార్థకం పడుతుంది.
పరిష్కారం: తెలుగు ఉన్న ఫాంట్ లోడ్ చేసి, ఫాంట్ కాన్ఫిగ్‌లోని రేంజ్‌కి 32-255, 3072-3199 జతలు (లాటిన్, తెలుగు అక్షరాల యూనికోడ్ నంబర్లు), చివర సున్నా ఉన్న అరే ఇవ్వండి. అరే స్టాటిక్‌గా ఉండాలి, ఎందుకంటే లైబ్రరీ దాని పాయింటర్‌నే దాచుకుంటుంది.

ఇప్పుడు అక్షరాలు వస్తాయి, కానీ ‘అమ్మ’ రాదు. అ, మ, ఒక హలంతు గుర్తు, మళ్లీ మ వరసగా పడతాయి. మకారం వత్తుగా కిందికి దిగదు. న్యూక్లియర్ ఒక్కో యూనికోడ్ నంబరుకి ఒక్కో బొమ్మ పెడుతుందే తప్ప అక్షరాలను కలిపి చూడదు; ఆ పని హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ లైబ్రరీది. ఫాంట్లు ఎన్ని మార్చినా లాభం లేదు. మారని లేబుళ్లు పది ఇరవై ఉంటే, ప్యాంగో-కైరోతో (అక్షరాలను సరిగ్గా కూర్చి బొమ్మగా గీసే లైబ్రరీలతో) ముందే బొమ్మలుగా గీసి ఇమేజ్ విడ్జెట్‌లో పెట్టండి. యూజర్ తెలుగులో టైప్ చేయాలంటే మాత్రం జీటీకే అనే పెద్ద విండోల లైబ్రరీకి మారడమే మేలు. అది బరువైనదే, కానీ మన వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి.